ముద్దుకు పెట్టేది, మేలుకు పెట్టేది

2024వ సంవత్సరము జూన్ నెలలో విజయవాడలోని మా యింటికి ఒక అతిథి వచ్చినది. వీపు నీలము, రొమ్ము బంగారు పసుపు. కళ్ల చుట్టు తెల్లని చర్మము, దానిమీద సన్నని నల్లని గీతలు. తల నుండి తోక చివరి వరకు మూడు అడుగులకు కొంచెము తక్కువ పొడవు. దాని పేరు రాజా. మకావ్ అనే పెద్ద జాతి చిలుక.

మా వీధిలోనే కాపురముండే ఒక అన్నయ్యగారు, వదినగారు తమ కుమార్తె ప్రసవము నిమిత్తము ఆరు నెలలు అమెరికా వెళ్లవలసి వచ్చినది. పదకొండేండ్లుగా బిడ్డవలె పెంచుకొన్న పక్షిని ఎవరికి అప్పగించాలా అని చాలా ఆలోచించి, చివరకు మమ్మును అడిగినారు. మేము సరే అన్నాము. పంజరముతోపాటు పది కిలోల పొద్దుతిరుగుడు గింజల సంచి, డబ్బాడు వేరుశనగలు, నాలుగు పెద్ద బిస్కెట్టు పొట్లములు మా యింటికి చేరినవి. వదినగారు వెళ్తూ మా ఇల్లాలి చేతులు పట్టుకొని, "చెల్లీ, ప్రొద్దున ఆరింటికి టీలో బిస్కెట్టు ముంచి పెట్టాలి. లేకపోతే అలుగుతాడు. గింజల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచు. వాడు ఆకలితో ఉన్నాడంటే నాకక్కడ అన్నం సయించదు" అని కన్నీళ్లు పెట్టుకొన్నారు.

మరునాడు తెల్లవారగానే "టీ! టీ!" అని కేక వినబడినది. అచ్చము వదినగారి గొంతే! మా పిల్లలు పరుగున వచ్చినారు. ఆ వారమంతా మా యింట పండుగే. ఒకరు బిస్కెట్టు, ఒకరు కారప్పూస, ఒకరు చిప్స్. ఏది పెట్టినా రాజా తినేవాడు. మేము ఎంత బాగా చూచుకొంటున్నామో అని మాలో మేము మురిసిపోయాము.

అయితే ఒక సంగతి మాకు నచ్చలేదు. రాజా మాటిమాటికి తుమ్ముతున్నాడు. ముక్కు రంధ్రముల దగ్గర తడి కనిపిస్తున్నది. ఈకలలో మెరుపు లేదు. చోటు మారినందున జలుబు చేసినదేమో అనుకొన్నాము. ఎనిమిదవ నాడు పక్షులకు వైద్యము చేయుటలో అనుభవమున్న ఒక డాక్టరుగారి యొద్దకు తీసికొనిపోయాము.

ఆయన మొదట పక్షిని తూచినారు. 1,280 గ్రాములు. తరువాత రొమ్ము మధ్యనుండు ఎముకను వేలితో తడిమి, "ఇది చేతికి తగలాలి. కొవ్వులో మునిగిపోయింది" అన్నారు. నోరు తెరిపించి లైటు వేసి మాకు చూపించినారు. పైదవడ లోపల చీలిక చుట్టు ఉండవలసిన చిన్న చిన్న మొనలు అరిగిపోయి మొద్దుబారినవి. ఒక ప్రక్క తెల్లని మచ్చ. రక్తపరీక్షలో కాలేయము అలసియున్నట్లు తేలినది. "ఏమి పెడుతున్నారు?" అని అడిగినారు. గిన్నె ఎన్నడును ఖాళీ కానివ్వలేదని మేము కొంచెము గర్వముగానే చెప్పినాము.

డాక్టరుగారు నిదానముగా, "కడుపు నిండా తింటూనే ఈ పక్షి పదకొండేళ్లు పస్తులున్నదండీ" అన్నారు.

ఆ మాట మమ్మును చాలా కాలము వెంటాడినది. ఆ ఆరు నెలలలో మేము నేర్చుకొన్నది ఈ వ్యాసములో వ్రాయుచున్నాము. ఈ దినములలో మన పట్టణములలో మకావ్‌లను పెంచుకొనువారు కనబడుచున్నారు. మీ యింట లేకపోయినను మీ బంధువుల యింటనో స్నేహితుల యింటనో ఉండవచ్చును.

అడవిలో దాని విస్తరి

మకావ్ మన దేశపు పక్షి కాదు. మెక్సికో మొదలుకొని దక్షిణ అమెరికాలోని అడవుల వరకు వాటి స్వస్థలము. అక్కడ అవి తెల్లవారగానే జంటలుగా, గుంపులుగా ఎగిరి, మేత కొరకు చాలా దూరము పోవును. తాటిజాతి చెట్ల కాయలు, గట్టి పెంకుల గింజలు, పచ్చికాయలు, పండ్లు, పువ్వులు, లేత ఆకులు తినును. ఒక ఋతువులో దొరికినది మరొక ఋతువులో దొరకదు గనుక వాటి విస్తరి ఏడాది పొడవునా మారుచునే యుండును.

పెరూ దేశములోని తంబోపాత నదీ ప్రాంతములో మకావ్‌లు వందల సంఖ్యలో నది ఒడ్డు మీదికి దిగి మట్టి కొరికి తినును. అక్కడి చెట్ల మేతలో ఉప్పులోని సోడియము బహు తక్కువ గనుక ఆ లోటు తీర్చుకొనుటకు మట్టి తినునని పరిశోధకులలో ఎక్కువమంది చెప్పుదురు. తినిన కాయలలోని విషపదార్థములను ఆ మట్టి పట్టి ఉంచునని మరికొందరి అభిప్రాయము.

అన్ని మకావ్‌లకు ఒకే భోజనము అని కూడ అనుకొనకూడదు. బ్రెజిల్ దేశపు పంటనాల్ చిత్తడి నేలలలో హయసింత్ మకావ్ అనే ముదురు నీలపు పక్షి ఉన్నది. ఎగిరే చిలుకలన్నిటిలో అదే పొడవైనది, దాదాపు ఒక మీటరు. అక్కడ అది ముఖ్యముగా అకురి, బొకైయువ అనే రెండు రకముల తాటిజాతి చెట్ల కాయలను పగులగొట్టి వాటి పప్పు తిని బ్రదుకును. ఆ పప్పులో నూనె ఎక్కువ. గనుక ఆ జాతికి కొవ్వు పదార్థము ఎక్కువగానే కావలెను. రాజా వంటి నీలము పసుపు మకావ్‌కు అంత అవసరము లేదు. అడవిలో నూనెగింజ తినిన పక్షి ఆ బలమును రెక్కలతో ఖర్చు చేయును. మన పంజరములోని పక్షి ఈ కొమ్మ మీదనుండి ఆ కొమ్మ మీదికి దూకును, అంతే. అదే గింజ అడవిలో బలము, పంజరములో కొవ్వు.

గింజలలో ఉన్నదేమి, లేనిదేమి?

పొద్దుతిరుగుడు పప్పులో దాదాపు సగము నూనెయే. భాస్వరము చాలా ఎక్కువ, కాల్షియము చాలా తక్కువ. ఎముకలకు, కండరములకు ఈ రెండును తగిన పాళ్లలో కావలెను. ఇక ఏ విటమిన్ అయితే ఇంచుమించు లేనే లేదు. ఆ విటమిన్ తగ్గినప్పుడు నోరు, ముక్కు, శ్వాసనాళముల లోపలి మెత్తని పొర గట్టిపడి పొలుసులు కట్టును. క్రిములను ఆపవలసిన గోడ పాడైపోవును. తుమ్ములు, ముక్కు కారుట, నోటిలో తెల్లని గడ్డలు, మాటిమాటికి ఊపిరితిత్తుల జబ్బులు, ఇవన్నియు అందువలన వచ్చును. మేము జలుబు అనుకొన్నది జలుబు కాదు, పదకొండేండ్ల లోటు.

అంగడిలో పలురకముల గింజలు కలిపిన పొట్లములు దొరకును కదా, అవి మంచివి కావా అని మీరు అడుగవచ్చును. పది రకములు కలిపి గిన్నెలో పోసినను పక్షి తనకు రుచియైన రెండింటిని ఏరుకొని మిగిలినవి చిమ్మివేయును. మన పిల్లలు ఉప్మాలో జీడిపప్పు ఏరుకొని తిన్నట్లే. అంతేకాదు, గింజ తిని పొట్టును గిన్నెలోనే వదలును. చూచువారికి గిన్నె నిండుగానే కనబడును. ఆ పొట్టు ఊదివేసి చూచిననే గాని అసలు సంగతి తెలియదు.

వేరుశనగల విషయములో మరొక అపాయము కలదు. చెమ్మలో నిలువచేసిన కాయలకు ఒక రకపు బూజు పట్టి, అందులో అఫ్లాటాక్సిన్ అనే విషము పుట్టును. అది కాలేయమును చెరుపును. పైకి బూజు కనబడకపోయినను లోపల ఉండవచ్చును. ముక్కిన వాసన వచ్చే కాయలను పక్షులకు పెట్టనే కూడదు.

మేము చేసిన తప్పు

డాక్టరుగారు ముక్కుకు, నోటికి మందులు వ్రాసి, మేత మార్చమన్నారు. ధాన్యములు, పప్పులు, విటమిన్లు, ఖనిజములు సరియైన పాళ్లలో కలిపి చిలుకల కొరకు తయారుచేసిన గుళికల దాణా ఉన్నది. దానిని పెల్లెట్లు అందురు. ప్రతి గుళికలోను అన్నియు కలిసి ఉండును గనుక పక్షి ఏరుకొనుటకు వీలులేదు. అది ముఖ్యాహారముగా ఉండవలెను, దానికి తోడు కూరగాయలు, ఆకుకూరలు, కొంచెము పండు ఉండవలెను, నెమ్మదిగా మార్చండి అని చెప్పినారు.

"నెమ్మదిగా" అన్న మాట మా చెవికి సరిగా ఎక్కలేదు. మంచిది కదా, ఎంత త్వరగా మార్చిన అంత మేలు అనుకొని మరునాడే గింజల సంచి మూలకు నెట్టి, గిన్నె నిండ గుళికలు పోసి, ప్రక్కన క్యారెట్టు తురుము, బీన్సు ముక్కలు పెట్టినాము. టీ, బిస్కెట్టు బొత్తిగా మానిపించినాము.

రాజా ఆ గిన్నెవంక చూచినాడు. ఒక గుళిక ముక్కుతో ఎత్తి క్రిందికి జారవిడిచినాడు. అటు తిరిగి కూర్చున్నాడు. ఆకలియైతే తానే తినునులే అని మేమనుకొన్నాము. ఆవునో మేకనో గూర్చి అట్లు అనుకొనవచ్చునేమో గాని చిలుకను గూర్చి అనుకొనరాదు. పిల్లగా ఉన్నప్పుడు తినిపించినదే దానికి తిండి. తక్కినది ఎంత మంచిదైనను దాని కంటికి తిండిగా కనబడదు. తిండి ఎదుటనే ఉండగా ఆకలితో నీరసించిపోవు పక్షులు కలవు.

దినదినము తూచవలెనని డాక్టరుగారు చెప్పిన మాట మాత్రము మేము పాటించినాము. అదే మమ్మును కాపాడినది. పన్నెండవ దినమున తూకము 1,168 గ్రాములు చూపినది. రెట్ట తక్కువగా, ముదురు రంగుగా ఉన్నది. మేము భయపడి ఫోను చేసినాము. "పదవ వంతు బరువు తగ్గితే ప్రాణాపాయము. వెంటనే పాత గింజలు పెట్టండి" అని ఆయన కొంచెము కోపముగానే చెప్పినారు. లెక్క చూచుకొంటే పదవ వంతుకు ఇంకను పదహారు గ్రాములే మిగిలియున్నవి. ఒకరి బిడ్డను మన యింట పెట్టుకొని, మేలు చేయుచున్నామను పేరుతో ఎక్కడికి తీసికొనిపోయినామో తలంచుకొని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. గింజలు పోయగానే రాజా గబగబ తిన్న చప్పుడు ఇప్పటికి మా చెవులలో ఉన్నది.

మునగకాడ చేసిన మేలు

మూడు దినములు పాత మేతయే పెట్టినాము. తరువాత మరల మొదలుపెట్టినాము, ఈసారి తొందర లేకుండ.

ప్రొద్దున, ఆకలి ఎక్కువగా ఉన్న వేళ, గోరువెచ్చని నీటితో తడిపిన గుళికలు కొంచెము, ఉడికించిన చిలగడదుంప కొంచెము, వాటిమీద కొద్దిపాటి గింజలు చల్లి పెట్టేవారము. రెండు గంటల తరువాత తీసివేసి, సాయంకాలము కొలిచిన గింజలు ఇచ్చేవారము. ప్రతి వారము గింజలు ఒక చెంచా తగ్గించేవారము. ప్రతి ఉదయము, మేత పెట్టకముందు, వంటింటి తూకము మీద ఒక కర్ర అమర్చి దానిమీద నిలిపి తూచి నోటుపుస్తకములో వ్రాసేవారము. ఇంత చేసినను మూడు వారములు అతడు గింజలు ఏరుకొని తక్కినది విసరివేయుచునే యున్నాడు.

ఒక సాయంకాలము మా ఇల్లాలు పంజరము ప్రక్కన పీట వేసికొని మునగాకు దూయుచున్నది. తలుపు తెరచియున్నది. రాజా మెల్లగా దిగివచ్చి, చేటలోనుండి ఒక రెమ్మ లాగికొని, పంజరము మీదికెక్కి, కాలితో పట్టుకొని, ఆమె దూసినట్లే ఒక్కొక్క ఆకు ముక్కుతో త్రుంచసాగినాడు. సగము ఆకులు క్రింద పడినవి. సగము లోపలికి పోయినవి! ఆమె కదలక మెదలక చేయి మాత్రము ఆడించుచు, కళ్లతోనే మమ్మును పిలిచినది.

ఆ దినమున మాకు రెండు సంగతులు అర్థమైనవి. మొదటిది, చిలుక ఒంటరిగా తినే పక్షి కాదు. గుంపులో తోటివారు ఏది తింటున్నారో చూచి తాను తినును. మా యింట దాని గుంపు మేమే. రెండవది, దానికి తిండితోపాటు పని కూడ కావలెను. అడవిలో మకావ్ పగటివేళ చాలా భాగము మేత వెదకుట, ఒలుచుట, పగులగొట్టుటలోనే గడుపును. మనము అన్నియు తరిగి గిన్నెలో పోసి పెడితే అయిదు నిమిషములలో తిని, మిగిలిన దినమంతా తోచక అరచును, తన ఈకలు తానే పీకికొనును.

అప్పటినుండి తరుగుట మానివేసినాము. మునగాకు రెమ్మలుగా, తోటకూర కాడలుగా, మొక్కజొన్న పొత్తు ముక్కలుగా, బీన్సు, క్యారెట్టు నిలువునా పంజరమునకు వ్రేలాడదీసినాము. గుళికలను శుభ్రమైన కాగితములో పొట్లము కట్టి కొమ్మల మధ్య దాచినాము. మా చిన్నమ్మాయి ఒక పళ్లెములో గుళికలు, తన పళ్లెములో బొరుగులు పెట్టుకొని రాజా ఎదుట కూర్చుండి తినెడిది. అయిదవ వారమున మొదటి గుళిక పటుక్కున కొరికిన శబ్దము వినబడినది. మూడవ నెలకు తుమ్ములు తగ్గినవి. డిసెంబరు నాటికి తూకము 1,120 గ్రాములు. వేలితో తడిమితే రొమ్ము ఎముక తగిలినది.

ప్రతి దినము ఏమి పెట్టవలెను?

నీలము పసుపు మకావ్‌కు, డాక్టరుగారి సలహా మీద, మేము స్థిరపరచుకొన్న పద్ధతి ఇది.

1. సగము కంటె ఎక్కువ భాగము గుళికల దాణా. రంగులు, చక్కెర కలపనిది మంచిది. పొట్లము విప్పిన తరువాత చెమ్మ తగులకుండ మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచవలెను.

2. మూడవ వంతు వరకు కూరగాయలు, ఆకుకూరలు. నారింజ రంగువి, ముదురు ఆకుపచ్చవి ముఖ్యము. వాటిలోని పదార్థమునుండి శరీరము ఏ విటమిన్ తయారుచేసికొనును. క్యారెట్టు, గుమ్మడి, ఉడికించిన చిలగడదుంప, మునగాకు, తోటకూర, ఎర్ర క్యాప్సికమ్, బెండ, బీన్సు. మిరపకాయ కూడ పెట్టవచ్చును. మనవలె పక్షులకు కారము తగలదు. పాలకూర అప్పుడప్పుడు మాత్రమే, ఏలయనగా అందులోని ఆమ్లము కాల్షియమును ఒంటికి పట్టనియ్యదు. అన్నియు మంచినీటిలో బాగుగా కడుగవలెను.

3. ఉడికించిన శనగలు, రాజ్మా, మొలకెత్తిన పెసలు కొద్దిగా. ఎండు రాజ్మా పచ్చిగా పెట్టకూడదు. మన ఎండలకు మొలకలు, ఉడికించినవి త్వరగా చెడును గనుక రెండు గంటలకు మించి పంజరములో ఉంచరాదు.

4. పండు కొంచెము. బొప్పాయి, జామ, మామిడి, దానిమ్మ మంచివే. అయితే తియ్యని పండు రుచి మరిగితే కూర ముట్టదు. యాపిల్ పెడితే గింజలు తీసివేయవలెను. వాటిలో విషము పుట్టించు పదార్థమున్నది.

5. బాదము లేక అక్రోటు పప్పు దినమునకు రెండు మూడు. గిన్నెలో కాదు, చేతితో ఇవ్వవలెను, ఏదైనా పని నేర్పినప్పుడు బహుమానముగా. మకావ్‌కు తక్కిన చిలుకలకంటె కొంచెము నూనెపదార్థము కావలెను గనుక పూర్తిగా మానిపించనక్కరలేదు.

6. మనము త్రాగే శుభ్రమైన నీరే దానికిని ఇవ్వవలెను. దినమునకు రెండుమారులు మార్చవలెను. అది మేతను నీటిలో ముంచుకొను అలవాటుగల పక్షి. గిన్నెలో క్రిములు త్వరగా పెరుగును.

గుళికలు తినే పక్షికి పైన మరల విటమిన్ చుక్కలు వేయుట మేలు కాదు. ముఖ్యముగా మకావ్‌లకు డి విటమిన్ ఎక్కువైతే మూత్రపిండములు దెబ్బతినును. దానికి బదులు ఉదయపు ఎండలో, నీడ చాటు కూడ ఉండునట్లు, కొంతసేపు ఉంచండి. కిటికీ అద్దము వెనుక ఉంచిన ఎండ పనికిరాదు. డి విటమిన్ పుట్టించు కిరణములను అద్దము ఆపివేయును.

పెట్టకూడనివి

అవకాడో పండు పక్షులకు విషము. దానిలోని పెర్సిన్ అనే పదార్థము గుండెను దెబ్బతీయును. చాక్లెట్టు, టీ, కాఫీ, మద్యము ఎంత కొంచెమైనను కూడదు. ఉల్లి, వెల్లుల్లి కూడదు. పచ్చళ్లు, కారప్పూస, చిప్స్ వంటి ఉప్పు సరకులు కూడదు. పాలు అరిగించుకొను శక్తి పక్షులకు లేదు. ఈ లెక్కన టీలో ముంచిన బిస్కెట్టు ఏమైనదో మీరే చూడండి. టీ, పాలు, చక్కెర, మైదా, ఉప్పు, నూనె, ఇన్ని కీడులు ఒక్క ముక్కలో!

కొందరు ముద్దుకొరకు తమ నోటినుండి పక్షి నోటికి అందించుదురు. ఇదియు మానవలెను. మన నోటిలో మనకు కీడు చేయని క్రిములు దానికి జబ్బు చేయగలవు. తిండి కాకపోయినను మరొక మాట చెప్పవలెను. నాన్‌స్టిక్ పెనము మాడినప్పుడు వచ్చు పొగ పక్షులను నిమిషములలో చంపగలదు. పంజరము వంటింటి దగ్గర ఉంచకూడదు.

తానై తిననేర్వని పిల్లను కొనవద్దని కూడ మా మనవి. గొట్టముతో పోయు ఆ జావ కొంచెము వేడెక్కువైనను గొంతు క్రింది మేతసంచి కాలిపోవును. చల్లనైతే అరుగదు. అది అనుభవజ్ఞుల పని.

అమెరికానుండి వచ్చిన ఫోను

ఇక మేము చెప్పుటకు వెనుకాడు సంగతి ఒకటి మిగిలియున్నది. మేత మార్చిన సంగతి వదినగారికి మేము వెంటనే చెప్పలేదు. వారు కుమార్తె ప్రసవపు హడావిడిలో ఉన్నారు, ఎందుకు కలతపెట్టుట అనుకొన్నాము. రెండవ నెలలో ఒకనాడు వీడియో ఫోనులో ఆమె ముఖము చూడగానే రాజా రెక్కలల్లార్చి, "టీ! టీ!" అని ఎలుగెత్తి పిలిచినాడు. ఆమె నవ్వి, "ఇంకా పెట్టలేదా చెల్లీ?" అన్నారు. చెప్పక తప్పలేదు.

చాలాసేపు అటునుండి మాట లేదు. తరువాత, "పిల్లలిద్దరూ వెళ్లిపోయాక ఆ వేళకి నాతో కూర్చుని తినేవాడు వాడొక్కడే. అది కూడా తప్పేనా?" అన్నారు. ఫోను పెట్టివేసినారు. వారము వరకు మరల చేయలేదు.

మేము ఏమని జవాబు చెప్పగలము? పదకొండేండ్లు ఆమె పెట్టినది విషము కాదు, ప్రేమ. ఆ ప్రేమ బిస్కెట్టు రూపమున లోపలికి పోయినది. అంతే తేడా. మనలో చాలామంది ఇట్టివారమే. మనుమడు అడిగినాడని చాక్లెట్టు, చక్కెరజబ్బుగల నాయనగారు ఆశపడినారని మిఠాయి. పెట్టిన చేతికి సంతోషము, తినిన నోటికి సంతోషము. కీడు మాత్రము ఎవరికిని కనబడకుండ లోపల కూర్చుండును.

తరువాతి వారము అన్నయ్యగారే ఫోను చేసినారు. డాక్టరుగారు తీసిన రెండు ఫొటోలు, మొదటి దినపు నోరు, రెండవ నెలాఖరుకు నోరు, మేము వారికి పంపినాము. వదినగారు వాటిని ఎంతోసేపు చూచినారట. అప్పుడు ఒకే మాట అడిగినారు: "మరి ప్రొద్దున ఆరింటికి ఏం పెడుతున్నారు?"

డిసెంబరులో వారు వచ్చిన మరునాడు ఉదయము మమ్మును రమ్మన్నారు. ఆరు గంటలకు వరండాలో వారి పాత కుర్చీ, ప్రక్కన రాజా కొమ్మ. ఆమె చేతిలో టీ గ్లాసు. రాజా "టీ!" అన్నాడు. ఆమె గ్లాసు దూరముగా పెట్టి, ఉడికించిన గుమ్మడి ముక్క ఒకటి అందించినారు. అతడు దానిని కాలితో పట్టుకొని, ఆమెవంక ఒకసారి చూచి, తినుట మొదలుపెట్టినాడు. తింటూ ఆమె భుజమునకు తల ఆనించినాడు. వేళ అదే, చేయి అదే. అతనికి ఇన్నాళ్లు కావలసినది ఆ రెండే కాబోలు. చేతిలోని వస్తువు మాత్రము మారినది.

మన తరువాత ఎవరు?

బాగుగా చూచుకొన్న మకావ్ యాభై సంవత్సరములు, అంతకు మించి కూడ బ్రదుకును. నలభై, యాభై ఏండ్ల వయస్సులో దానిని తెచ్చుకొన్నవారు తమ తరువాత దానికి ఎవరు పెట్టుదురో ముందుగానే ఆలోచించవలెను. మరొక సంగతి. మన రామచిలుకలను పంజరములో ఉంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. మకావ్ వంటి విదేశీ పక్షుల విషయములో, ఆ చట్టమునకు 2022లో చేసిన సవరణను బట్టి, 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చినవి. వాటి ప్రకారము పరివేష్ పోర్టలులో నమోదు చేయించుకొనవలెను. కాగితములు లేని పక్షిని, ఎంత చౌకగా వచ్చినను, తేవద్దు.

అన్నయ్యగారి యింట ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడొక కాగితము అంటించియున్నది. ఏ పూట ఏమి, ఎంత, ఏవి కూడదు, డాక్టరుగారి ఫోను నంబరు, ప్రతి వారపు తూకము. వదినగారు స్వయముగా గుండ్రని అక్షరములతో వ్రాసినారు. అన్నిటికంటె పైన ఒక వరుస ఉన్నది: "ఉదయం 6 గంటలకు ప్రక్కన కూర్చోవాలి." తమ తరువాత రాజాను చూచుకొనువారు ఎవరైనను మొదట చదువవలసినది అదేనని వారి అభిప్రాయము. మా అభిప్రాయమును అదే.